దండెం మీద ఇంగ్లండు మంత్రి

మా అమ్మాయి ఖమ్మంలో చరిత్ర చదువుతోంది. కాలేజీలో అందరి ముందు చెప్పాలని పాతకాలపు ఇంగ్లండు బొమ్మలు జిరాక్స్ తీయించుకొని ఇంటికి తెచ్చింది. బస్సు కిటికీలోంచి జల్లు కొట్టి అన్నీ తడిశాయి. వాన వెలిశాక నేనే వాటిని వాకిట్లో దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాను.

రెండు వందల యాభై యేళ్ల కిందట లండన్‌లో రాజునూ మంత్రులనూ వెక్కిరిస్తూ రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలట అవి. దుకాణం అద్దాలకు అంటిస్తే దారిన పోయేవాళ్లు గుమిగూడి నవ్వేవారట. చదువు రాకపోయినా అర్థమయ్యే బొమ్మలే. ఒకదాంట్లో గుమ్మడికాయంత పొట్టేసుకొని ఒక మంత్రి తింటున్నాడు. బల్ల కింద బక్క జనం మెతుకుల కోసం చేతులు చాపారు.

పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఏంది వదినె, మన సర్పంచిని దండెం మీద ఆరేసినవ్?"

నాకు నవ్వు రాలేదు. నిజంగానే ఆ పొట్ట, గడ్డం కింది ఆ మడతలు ఆయనవే. మా ఆయన పంచాయతీ నీళ్ల మోటారు నడుపుతాడు. ఆ పనిలో ఉంచినా తీసినా సర్పంచి మాటే. బొమ్మ తీసేద్దామని చెయ్యి చాచేలోగా దారిన పోయేవాళ్లు నలుగురు ఆగారు. ఇప్పుడు తీస్తే అది ఆయనేనని నేను ఒప్పుకున్నట్టే. అట్లాగే నిలబడిపోయాను.

పొద్దు గూకకముందే సర్పంచి బండి మా వాకిట్లో ఆగింది.

"ఎవరు బిడ్డా, ఈయన?"

"ఇంగ్లండు మంత్రి, మామా. ఎన్నడో సచ్చిపోయిండు," అంది మా అమ్మాయి.

"మరి బొమ్మ గీసినోన్ని ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే. కొందరు మంత్రులైతే వాళ్ల బొమ్మలు వాళ్లే కొనుక్కున్నరట."

"గట్లనా."

ఆయన ఆ కాగితాన్ని దండెం మీంచి తీసి, మడత పడకుండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "మీ ఆయనను రేపు పొద్దున ఆఫీసు కాడికి రమ్మను," అని వెళ్లిపోయాడు.

తెల్లారి మా ఆయన వెళ్లాడు. నేను నల్లా దగ్గర కూర్చున్నాను. కాసేపటికి నల్లా బుస్సుమని గాలి వదిలి నీళ్లు పోసింది. మోటారు వేసిన చెయ్యి మా ఆయనదో, ఇంకొకరిదో. బిందె నిండి పొర్లుతున్నా లేవలేకపోయాను.

చివరికి మా ఆయన వచ్చాడు. మోటారు గది తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది.

"ఏమన్నడు?"

"ఏమనలే. కొద్దిసేపు కూసోమన్నడు. ఆ బొమ్మను తన కుర్చీ ఎనక గోడకు అంటించిండు. వచ్చినోళ్ల మొహాలు చూస్తుండు, ఎవరు నవ్వుతరోనని."

"నువ్వేం జేసినవ్?"

"నేల చూసుకుంట కూసున్న. అందరం గట్లనే."

చెంబుతో నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"రేపు గూడ వచ్చి కూసోమన్నడు."