ఆముదం నాచుకు తోడు

ఆలేరులో సుక్కమ్మ పెరుగంటే జనం కాచుకుని మరీ కొనేవారు. చెప్పొద్దూ, గిన్నె బోర్లించినా జారేది కాదు. అంతటి మనిషి 1996లో పెరుగు గంప దించేసి నాచు పెంచే పనికి కుదిరిందంటే వాడంతా నవ్వింది. "నాచును గీకి పారేస్తరు గని సాదుతరా?" అని మొగుడు అంజన్నే ఎకసెక్కెమాడాడు.

ఆ పని పెట్టింది హైదరాబాదు సైంటిస్టు జాహేదా. కంటికి ఆనని సన్న నాచులో ఆముదం చెట్టు జన్యువొకటి చొప్పించి, దానిచేతే ఆముదంలాంటి నూనె చేయించాలని ఆమె పట్టుదల. ఊరి బయట కంచె వేసి, అద్దాల మూతల తొట్లు పెట్టింది. ఇక్కడి ఎండకు ఆగిన నాచునే ఏరి ఏరి రెండేళ్లు పెంచింది. సుక్కమ్మ దాన్ని కలిపేది, ఎరువునీళ్లు పోసేది, రంగు పిసరంత మారినా పసిగట్టేది. ఆ పచ్చనీళ్లంటే ఆమెకు ప్రాణం. జాహేదా షరతు ఒక్కటే. మనిషి మార్చిన నాచు కాబట్టి చుక్క కూడా కంచె దాటకూడదు. దాటించినవాళ్లకు అక్కడ పని ఉండదు.

1998 మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు రోజులు కరెంటు లేదు. నీళ్లు తిప్పే మోటార్లు ఆగిపోయాయి. సుక్కమ్మ చేతులు బొబ్బలెక్కేదాకా తెడ్డుతో కలిపింది. అయినా తొట్లన్నీ పాలిపోయి కంపుకొట్టాయి. జాహేదా వచ్చి చూసి, తొట్టి పక్కనే కూలబడింది.

"హైదరాబాదు ల్యాబుల ఉన్న పాత నాచు గీ ఎండకు ఆగదు సుక్కమ్మా. రెండేండ్ల కష్టం మట్టిల కలిసింది."

సుక్కమ్మకు తన ఇంటి కిటికీ గుర్తొచ్చింది. పెరుగమ్మిన ఇంట్లో తోడు లేకుండా రోజు గడవదు కదా! ఆ అలవాటు కొద్దీ ఆమె అంతకుముందెప్పుడో గుట్టుగా ఊరగాయ సీసాలో కొంచెం నాచునీళ్లు ఇంటికి తీసుకుపోయి కిటికీలో పెట్టుకుంది. పదిహేను రోజులకోసారి పాతది తెచ్చి తొట్లో పోసి, కొత్తది పట్టుకుపోయేది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే పని పోతుంది. అయినా వెళ్లి జాహేదా పక్కన కూర్చుంది.

"మేడమ్, జర తిట్టకు. మన నాచు తోడు నా ఇంట్ల ఉన్నది."

జాహేదా దిగ్గున లేచింది. "కంచె దాటొద్దని చెప్పిన కదా! నీకు బుద్ధుందా?" అని అరిచి, వెంటనే గొంతు తగ్గించింది. "బతికున్నదా?"

"పచ్చగున్నది."

జాహేదా ఏడుస్తూనే నవ్వింది. సుక్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "కంచె లోపట్నే నా సీసల ఉండెనని పైవోళ్లకు రాస్త. నీ పనికేం ఫికర్ లేదు."

"గట్ల రాయకు మేడమ్. రేపు ఇంకొకలు తీస్కపోతే ఏం మొకం పెట్టుకొని అడుగుతవు? నేను చేసింది తప్పే. ఉన్నదున్నట్టు రాయి."

జాహేదా అలాగే రాసింది. పైవాళ్లు సీసాను పరీక్షించి, ఆ నాచునే మళ్లీ తొట్లలో పెంచమన్నారు. సుక్కమ్మను మాత్రం పనిలోంచి తీసేశారు.

ఆమె మళ్లీ గంప ఎత్తుకుంది. ఓ పొద్దున కంచె దగ్గర ఆగి, కొత్తగా కుదిరిన గుర్వయ్యను పిలిచింది.

"తమ్మీ, రంగెట్లున్నది?"

"లేత పచ్చగున్నది అక్కా. లోపటికొచ్చి సూసిపో, ఎవలు లేరు."

"నేను రావొద్దు తమ్మీ. లేత పచ్చనా? ఎరువునీళ్లు తక్కువైనయి. ఇంకో చెంబు పొయ్యి. మెల్లగ కలుపు, బిడ్డకు తానం పోసినట్టు."

అతను పోసి వచ్చేదాకా ఆమె నెత్తి మీది గంపతో ఎండలో అక్కడే నిలబడింది.