మేకులు పీకిన బెంచీలు

యుద్ధం రోజులవి. మా ఊళ్లో జహనుమా బస్తీలోని ఒక కార్ఖానాలో సిపాయిలకు చొక్కాలు కుట్టేవారు. అంతకుముందు మగ దర్జీలు పనిచేసిన చోట కొత్తగా ఆడవాళ్లను పెట్టారు. ఇంట్లో చేతి సూదితో కుట్టుకునే వాళ్లంతా ఒక్కసారిగా కాలితో తొక్కే మిషన్ల ముందు కూర్చున్నారు. ఆ మిషన్లు వాళ్ల ఒంటిని ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలని మా కాలేజీ మేడమ్ పూనుకున్నారు. ఆవిడది మద్రాసు. ఇక్కడి మాట సరిగ్గా అందదు. అందుకని, అప్పుడే చదువు ముగించిన నన్ను వెంటబెట్టుకున్నారు. ప్రశ్నల కాగితాలు, నొక్కితే ఆగే గడియారం పట్టుకుని వెళ్లిన ఆ మొదటి రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

లోపల మాత్రం ఏది అడిగినా ఒకటే జవాబు: "మంచిగనే ఉన్నం." వెనకాలే మేస్త్రీ నిలబడి ఉన్నాడు మరి. రెండో రోజూ అంతే.

"మేడమ్, నేను గూడ ఒక మిషన్ మీద కూసుంట" అన్నాను. ఆవిడ సరేనన్నారు.

నా పక్క మిషన్ మీద ఒక పెద్దావిడ ఉండేది. నా వంకర కుట్టు చూసి నవ్వి, చొక్కా లాక్కుని దారం విప్పి మళ్లీ చూపించింది. మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. రుద్దుకుంటుంటే మెల్లగా అంది.

"నీకు గియ్యాల్నే నొస్తున్నది బిడ్డా. మాకు రోజూ గిదే. మగోళ్ల కాళ్లకు సరిపోయెటట్టు బెంచీలు దూరం పెట్టి మేకులు కొట్టిన్రు. మేము అంచు మీద కూసోని తొక్కాలె."

వంగి చూశాను. బెంచీ కాళ్లను కింది చెక్కలకు మేకులతో బిగించేశారు. మేము రాసుకొచ్చిన ప్రశ్నల్లో ఎక్కడా లేని సంగతి. పరుగున పోయి మేడమ్‌కు చెప్పాను.

ఆవిడ మేస్త్రీని ఒప్పించి ఒక వరస బెంచీలకు మాత్రం మేకులు తీయించారు. ఎవరికి కావలసినంత దగ్గరికి వాళ్లు జరుపుకోవచ్చు. రెండో వరసను కదపకూడదు. వారం తర్వాత రెండు వరసలనూ పోల్చాలి. సాయంత్రం కాగానే ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని రాసుకునేదాన్ని. నొప్పి తగ్గిందని మొదటి వరస వాళ్లు చెప్పే మాటలు రాయడానికి నా పెన్సిలు చాలేది కాదు.

నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి రెండో వరసలోనూ ఒక్క మేకు లేదు.

"ఎవరు తీసిన్రు?" అని అడిగాను.

"మేమే" అంది ఆ వరసలో చివరన కూర్చునే ఆమె. "మా నడుములేం పాపం చేసినయ్? వారం దాక ఎందుకు ఆగాలె?"

ఇక పోల్చడానికి ఏం మిగిలింది? మేడమ్ వంగి ఆ బెంచీల కింద చూశారు. తర్వాత నా చేతికి కాగితం ఇచ్చి, "ఇదే రాయి. ఇంతకన్నా గట్టి రుజువు మనకు ఎక్కడ దొరుకుతుంది" అన్నారు. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. అది రెండు వరసలకూ పాకింది. మేస్త్రీ పోయి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన చొక్కాలు తిరగేసి చూశాడు. కుట్టు మునుపటికన్నా తిన్నగా ఉంది. వాటిని కింద పెట్టి వెళ్లిపోయాడు. బెంచీలు మేకులు లేకుండానే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం ఇంటికి దాదాపు పరుగెత్తాను. అమ్మ బర్రె పాలు పిండుతోంది. నేను చెప్పిందంతా విన్నది.

"అంటే ఎక్కడ నొస్తుందని అడుగుడే నీ నౌకరీనా?"

"అవునమ్మా."

"అయితే నన్ను గూడ అడుగు."

కాగితం తీసుకుని పక్కన కూర్చున్నాను. అమ్మ తన నొప్పుల లెక్క చేతివేళ్లతో మొదలుపెట్టింది.