నీళ్లు పట్టిన గోడలు

మా కొత్త ఇంట్లో ప్రైమర్ వేసే ముందు గోడలను ఉప్పుకాగితంతో రుద్దుతున్నారు. ఆ సిమెంటు దుమ్ము వాసనకు ఆదోని గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అక్కడ ఎవరిదో ఇల్లు కడుతుంటే అమ్మానాన్నలు కాపలా ఉన్నారు. మా కాపురం అందులోనే. కొత్తగా పూసిన గోడలకు రోజూ నేనే చెంబుతో నీళ్లు పట్టేవాణ్ణి. అది మా ఇల్లేననుకున్నాను.

గోడలు ఆరాక సున్నం కొట్టేవాళ్లు వచ్చారు.

"ఏమప్పా ఓనరూ, ఏ రంగు కొట్టమంటావు?" అన్నాడు మేస్త్రీ.

"నీలం," అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇంక ఇల్లుగలోళ్లు వస్తాండారు. మనం పోవాల. నీ చెంబు తెచ్చుకో నాయినా," అంది.

ఇందాక ఈ కొత్త ఇంట్లో పెయింటర్ కూడా ఏ రంగు వేయాలని నన్ను అడిగాడు. అతని ముఖంలో నవ్వు లేదని చూసుకున్నాకే రంగు చెప్పాను.