టిక్కెట్టు కొననివాళ్ళ రైలు

మా ఊళ్ళ మీదుగా పోయే చిన్న రైలును ఎత్తేసి కొన్నేళ్ళయింది. దాన్ని మళ్ళీ నడిపించాలని పోరాడే సాధన సమితి మాత్రం మా ఊళ్ళలో లేదు, చిక్కడపల్లిలో ఉంది. సభ్యులమంతా ఆ లైను వెంట పుట్టి, నగరంలో నౌకరీలు చేసి రిటైరై, షుగరు బిళ్ళలు వేసుకుంటున్న మగవాళ్ళం. నేను కార్యదర్శిని. రేపు రైలు వచ్చినా మాలో ఒక్కడూ ఎక్కడు, అందరికీ కార్లున్నాయి. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆదివారం పొద్దున పక్కనే అశోక్ నగర్‌లో సర్కారు కొలువుల కోచింగ్ సెంటర్‌వాళ్ళు మాకు క్లాసురూము ఊరికే ఇచ్చేవాళ్ళు. మొదటి మూడు సమావేశాలు లెటర్‌హెడ్ మీద ఎవరి ఊరి పేరు ముందుండాలన్న గొడవకే సరిపోయాయి. తర్వాత సంతకాల సేకరణకు దిగాం. టీ బండి దగ్గర నిలబడ్డ కోచింగ్ పిల్లల ముందు కాగితం పెట్టాను.

“నోటిఫికేషన్ గురించా అంకుల్?” అన్నాడొకడు.

“కాదు, రైలు గురించి.”

“గదీ రాదు గానీ, పెన్నియ్యండి” అని సంతకం గీకి, నలుగురు దోస్తులతోనూ పెట్టించాడు. ఆ పిల్లాడు ఏదో ఒక పరీక్ష పాసై ఉంటాడని నా నమ్మకం.

మిగిలిన సమయమంతా పాత ముచ్చట్లకే. ముచ్చట్లంటే నిజానికి ఒకటే ముచ్చట, ఆ రైల్లో ఎవరెంత ఘనంగా టిక్కెట్టు లేకుండా తిరిగారన్నది. అధ్యక్షులవారు డిగ్రీ మూడేళ్ళూ ఒక్క టిక్కెట్టు కొనలేదట. కోశాధికారి సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించగానే దూకి, చేలకు అడ్డంపడి ఇంటికి పోయేవాడట. ఇప్పుడాయన మోకాళ్ళు చూస్తే నమ్మబుద్ధి కాదు. నా కథ వీటన్నిటికీ పై మెట్టు. నా పెళ్ళికి తరలివెళ్ళిన బంధువులందరినీ, గార్డును భోజనానికి పిలిచి, ఒక్క టిక్కెట్టూ లేకుండా తీసుకెళ్ళాను. చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాళ్ళు, నేనూ మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి.

నిజంగా రైలు కావలసిన మనిషి మా సమితిలో లేనే లేదు. ఆమె చిక్కడపల్లి మార్కెట్ బయట గోనెపట్టా పరుచుకుని, తన మడిలో పెంచిన కరివేపాకు, కొత్తిమీర అమ్మేది. ఆమెది మా పక్క ఊరే. బండి ఉన్నన్నాళ్ళూ రోజూ చిన్న రైలెక్కి జంక్షన్‌లో దిగి, అక్కణ్ణించి పెద్ద రైల్లో కాచిగూడకు వచ్చేది. ఇప్పుడు బస్సుల్లో ఆడవాళ్ళకు ఫ్రీయే, కాదనను. కానీ ఆమె ఊరికి బస్సే రాదు. షేర్ ఆటోవాడేమో మనిషికొక సీటు, మూటకొక సీటు అంటాడు. దాంతో బండి పోయాక వారానికి రెండుసార్లే రాగలిగేది.

నేను నారాయణగూడలో మా ఇంటి నుంచి కూరగాయలకు వచ్చినప్పుడల్లా ఆపి అడిగేది.

“జర గట్టిగ అడుగుండ్రి సారూ. ఎండకాలం లోపట బండి రాకుంటే ఇగ నాతోని గాదు. గీడనే ఏదన్న హాస్టల్ల బోళ్లు తోమవడ్త. మడి ఎండవెట్టుడే.”

“మా ప్రయత్నం మేం చేస్తున్నం గదమ్మా” అనేవాణ్ణి, లెటర్‌హెడ్ గుర్తొచ్చి.

చివరికి రైల్వే అధికారి ఒకాయన మాకు టైమిచ్చాడు. ఫొటోలో ఒక పేదరాలు ఉంటే పేపర్లో బాగా పడుతుందని ఆమెను కూడా వెంటబెట్టుకెళ్ళాం. ఆ దిక్కుమాలిన ఆలోచన నాదే. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, బండి రోజూ కిటకిటలాడేదని, జనం తలుపులు పట్టుకుని వేలాడేవాళ్ళని అరగంట చెప్పారు. అధికారి ఓపిగ్గా విని, ఫైలు తిప్పాడు.

“బండి నిండా జనమంటున్నారు. రికార్డు చూస్తే రోజుకు పట్టుమని పది టిక్కెట్లు లేవు. ఎక్కేవాళ్ళు లేరనే కదా లైను మూసింది. మరి ఆ వేలాడిన వాళ్ళంతా ఎవరు సార్?”

ఒకరి నోట్లోంచి ఒకరు మాట లాక్కునే పెద్దమనుషులందరూ ఏసీ వంక చూస్తూ కూర్చున్నారు. ఆమె ఒక్కతే లేచింది. ప్లాస్టిక్ కవర్లో ఆధార్ కార్డు వెనకాల దాచుకున్న పాత సీజన్ పాసు తీసి బల్ల మీద పెట్టింది.

“నాది ఉన్నది సారూ.”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా ఆమె చేతికే ఇచ్చాడు. “ఒక్క పాసు మీద రైలు నడపలేమమ్మా” అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

బయట మెట్ల మీద ఆమె మమ్మల్ని వరసగా చూసింది.

“గంతమంది ఎక్కుతుండ్రి గదా. మీరెవ్వరు కొనలేదా?”

“అప్పుడు అందరం అంతేనమ్మా” అని అధ్యక్షులవారు కారు వెతుక్కుంటూ జారుకున్నారు. కోశాధికారికి రాని ఫోనొకటి వచ్చింది. నేనొక్కణ్ణే దొరికిపోయాను.

“మీరు గూడనా సారూ?”

“నేను కొన్న” అన్నాను. “ఎప్పుడెక్కినా కొన్న.”

“నాకెర్కే” అంది. ఆమె మొహం తేటపడింది.

ఎండాకాలం వచ్చింది, రైలు రాలేదు. సమితి ఇప్పుడొక వాట్సాప్ గ్రూపు, పొద్దున్నే గులాబీలతో గుడ్ మార్నింగులు వస్తుంటాయి. ఆమె అన్నట్టే అశోక్ నగర్‌లో ఒక హాస్టల్లో చేరింది. సాయంత్రం నడకకు అటు పోతే, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గేటు దాకా వస్తుంది. పక్కనున్న వంటామెకు నన్ను చూపిస్తుంది.

“మా బండికి టిక్కెట్ కొన్నది ఇద్దరమే. నేను, గీ సారు.”

నాకు తల కొట్టేసినట్టవుతుంది. అయినా ఈ రోజుదాకా నిజం చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నది కూడా ధైర్యం వచ్చి కాదు. ఆమెకు చదువు రాదు.