కింది స్క్రీనుకు అందని కబురు

ఎల్లుండి పెళ్లి. మా చెల్లెలి కూతురు మేరీకి తెల్ల పట్టుచీర కోసం ఈ రోజు ధర్మవరం పోయాం. కొట్లో కింది కౌంటరు కంప్యూటరు అలాంటి చీర ఒక్కటే మిగిలి ఉందని చూపింది. తెస్తానని వెళ్లిన గుమాస్తా వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎవరో గొప్పవాళ్ల కోసం దాచాడని నా అనుమానం.

"పొద్దున్నే మేడమీద అమ్మేసినారన్నా."

"ఏమప్పా, మరి ఈడ ఇంకా ఉండాదని చూపిస్తాందే?"

"డేటాబేసులో మారింటాదన్నా. మారినట్టు ఈ స్క్రీనుకు అది చెప్పదు. మనమే రిఫ్రెష్ నొక్కాల."

నొక్కాడు. తెర మీద చీర మాయమైంది, మేరీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపద చూసి కూడా బాకా ఊదని కావలివాడే దోషి అంటుంది బైబిలు వాక్యం. ఇకమీదట కొట్టువాళ్లు డేటాబేసే అన్ని స్క్రీన్లకూ కబురు పంపేలా మార్పిస్తారట. మేడమీద నుంచి ఒక్క కేక వేసినా కిందికి వినపడేదే! నా అనుమానం ఇంకా మనుషుల మీదే. మీకెవరి మీద?