తోడు రమ్మన్నాను

నాంపల్లిలో నేను దిగిన లాడ్జి వంటగదిలోంచి పొగ లేచింది. మేనేజరు "ఇవాక్యుయేట్, ఇవాక్యుయేట్" అంటూ తలుపులన్నీ కొట్టాడు. ప్రమాదమున్న చోటు ఖాళీ చేయమని. మాది బందరు దగ్గర సముద్రపు ఊరు. తుఫాను వచ్చినప్పుడల్లా ఆ మాట వింటూనే ఉంటాం.

పక్క గది ముసలమ్మ మంచం దిగలేదు. "ఏంది, పొగకే ఉరుకుతరా? ఫికర్ లేదు, నువ్వు పో బిడ్డా" అంది.

మొండికేసిన పెద్దవాళ్లు భయపెడితే కదలరని మా ఊళ్లో అందరికీ తెలుసు. "మెట్లు దిగాలంటే నాకు భయంగా ఉంది పెద్దమ్మా, కాస్త తోడు రండి" అన్నాను. వెంటనే లేచి నా చెయ్యి పట్టుకుంది.

కింద రోడ్డు మీద మేనేజరు, "అందర్ని మేమే ఇవాక్యుయేట్ చేసినం" అని ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు.

ముసలమ్మ నా చెయ్యి వదలకుండానే అంది: "గీ పిల్లను మాత్రం నేను చేసిన."