మిరపకోతలకు సెల్‌ఫోను

మా అమ్మ మిరపకోతలకు ఆడకూలీలను తీసుకెళ్లే ముఠా మేస్త్రి. నల్లపాడు అవతల మా పేటలో తెల్లవారకముందే లేచి, గడప గడపకూ వెళ్లి పిలిచేది.

నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో సెల్‌ఫోన్లు పల్లెల్లోకీ వచ్చాయి. రైతులు మనిషిని పంపడం మానేసి ఫోను చేయసాగారు. అమ్మ కూడా ఒకటి కొనుక్కుంది. అవతలి మనిషి పక్క వీధిలోనే ఉన్నా, చేను చివర ఉన్నవాళ్లను కేకేసినట్టే మాట్లాడేది.

ఏడాది తిరిగేసరికి ఆటోవాళ్లు కూలీల నంబర్లు తీసుకుని నేరుగా పిలవడం మొదలుపెట్టారు. ఆటో ఇంటి ముందుకే వచ్చేది. అమ్మ వెంట నడిచేవాళ్లు తగ్గిపోయారు. నాకు కోపం వచ్చింది.

"పిల్లలు గలోళ్లు. రోజూ పని దొరికే చోటికి పోరా మరి?" అంది అమ్మ.

ఆ మాఘమాసంలో ఒక సాయంత్రం, పొయ్యి మీద ఎసరు పెట్టిన వేళ ఫోను మోగింది. ఎదురింటి పిన్ని. ఆమెనూ, తోటి కూలీలనూ ఆటో అద్దంకి అవతలికెక్కడికో తీసుకెళ్లింది. డ్రైవరు ఇంకో కిరాయి చూసుకుని పోయాడు, ఫోను ఎత్తడం లేదు. రైతు కూడా ఇంటికి వెళ్లిపోయాడు.

"అక్కా, ఇది ఏ ఊరో కూడా తెలవట్లేదు మాకు."

"ఏడవబాకే. దారినపోయే వాళ్లెవరికన్నా ఫోను ఇయ్యి."

సైకిలు మీద వెళ్తున్న ఒకాయన ఊరి పేరు చెప్పాడు. అమ్మ తనకు తెలిసిన రైతులందరికీ వరసగా ఫోను చేసింది. చివరికి ఒకాయన, "మా బావమరిది ఊరు ఆ పక్కనేనమ్మా, ట్రాక్టరు పంపిస్తాడులే, రోడ్డు మీద బస్సెక్కిస్తాడు," అన్నాడు. వాళ్లు బస్సెక్కేదాకా అమ్మ ఫోను చేస్తూనే ఉంది. మధ్యలో లేచి, చిన్న గిన్నె దించి పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టింది.

వాళ్లు వచ్చారు. అందరూ లోపలికి వచ్చినా పిన్ని మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అమ్మ వెళ్లి ఆమె తలగుడ్డ విప్పి, జుట్టులో చిక్కుకున్న ఎండుటాకులు తీసింది.

"రావే, అన్నం చల్లారిపోద్ది."

పిన్ని తింటూ తింటూ ఏడ్చింది.

మరునాటి నుంచి ఏ ఆటోవాడు ఫోను చేసినా పేటలో అందరిదీ ఒకటే జవాబు: "మా అక్కనడగండి." పిన్నిని వదిలేసి పోయిన డ్రైవరు కూడా ఒక రోజు అమ్మకు ఫోను చేశాడు.

"పొద్దుగూకేలోపు ఎవరింటికాడ వాళ్లని దించితేనే వస్తారు నాయనా," అంది అమ్మ.

"సరేనమ్మా. నువ్వూ రా, నీకు నమ్మకంగా ఉంటది," అన్నాడతను.

ఆ ఏడాది కోతలు అయ్యేదాకా వాళ్లంతా కలిసే వెళ్లారు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన, మా అమ్మ కూర్చునేది.